ఎరుపెక్కని చర్మం

మా బాబాయి పని చర్మాన్ని కడగడం. ఎవరైనా అడిగితే ఆయన ఇంతే చెబుతాడు. విన్నవాళ్ళలో కొందరు తోళ్ళ ఫ్యాక్టరీ అనుకుంటారు, కొందరు సబ్బుల కంపెనీ అనుకుంటారు. ఒకసారి బస్సులో పక్క సీటాయన ఈయన్ని ఆసుపత్రి మనిషి అనుకుని, ప్యాంటు పైకి మడిచి మోకాలి మీది దద్దుర్లు చూపించాడు. బాబాయి శ్రద్ధగా వంగి చూసి, ఎవరైనా మంచి డాక్టరుకి చూపించుకోండి అన్నాడు తప్ప తన పనేమిటో వివరించలేదు. వివరించాలంటే చాలా వెనక నుంచి మొదలుపెట్టాలి. కుందేళ్ళ దగ్గర నుంచి.

ఫ్యాక్టరీల్లో వాడే ద్రవాలు ఎన్నో రకాలు. జిడ్డు వదిలించేవి, తుప్పు వదిలించేవి, పాత రంగు ఊడదీసేవి, పైపుల్లో పేరుకున్న మడ్డిని కరిగించేవి. అవి డ్రమ్ముల్లోకెక్కి అమ్మకానికి వెళ్ళే ముందు, చేతి మీద పడితే ఏమవుతుందో ఎవరో ఒకరు తేల్చి చెప్పాలి. ఏమీ కాదా, మండుతుందా, కాలుతుందా? డ్రమ్ము మీద ఏ గుర్తు అంటించాలో, దాన్ని ముట్టుకునే పనివాళ్ళు ఎలాంటి తొడుగులు వేసుకోవాలో దాన్ని బట్టే ఉంటుంది. అది తేల్చే ల్యాబులో బాబాయి మీసాలు సరిగ్గా రాకముందే చేరాడు. చేరింది మేత బస్తాలు మోయడానికి.

అప్పట్లో పరీక్షలన్నీ కుందేళ్ళ మీదే. బస్తాలు మోసే మనిషి ఒళ్ళో అవి గింజుకోకుండా కూర్చుంటున్నాయని గమనించి పైవాళ్ళు ఆయన్ని లోపలికి తీసుకున్నారు. ముందు రోజు కుందేలు వీపు మీద బొచ్చు తీసేయాలి. మర్నాడు ఆ నున్నటి చోట మందు తడిపిన గాజుగుడ్డ అంటించాలి. కొన్ని గంటలయ్యాక గుడ్డ తీసి, కడిగి, కుందేల్ని కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్ళి చూడాలి. ఎరుపెక్కిందా? ఎక్కితే ఎంత? కనీ కనిపించనంతా, తేటగా కనిపించేంతా, బీట్‌రూట్ ముక్కంతా? ఆ తర్వాత రోజులు కూడా చూస్తూనే ఉండాలి. ఎరుపు చూడటంలో బాబాయిది అందె వేసిన చెయ్యి. ఇద్దరు సైంటిస్టులకు మాట కుదరకపోతే "కుందేళ్ళాయన్ని పిలవండి" అనేవారట. ఆ పేరే ల్యాబులో ఆయనకు ఉండిపోయింది.

గుడ్డలు అంటించిన రోజుల్లో ఇంటికొచ్చి పెద్దగా మాట్లాడేవాడు కాదు. అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ కూర్చునేవాడు. పెళ్ళైన కొత్తలో పిన్ని అది చూసి చలి అనుకుని దుప్పటి తెచ్చి కప్పిందట. ఎంతో కాలానికి గట్టిగా నిలదీస్తే, పట్టుకున్నప్పుడు దాని గుండె కొట్టుకునేది చేతిలోనే ఉండిపోతుందే అన్నాడట. ఆ మాట మళ్ళీ ఎన్నడూ అనలేదు. అలాగని పని మానేయనూ లేదు. నేను వదిలేస్తే ఇంకెవడో వచ్చి గట్టిగా పట్టుకుంటాడు అనేది ఆయన వాదన.

తల సగం నెరిసేసరికి కుందేళ్ళు వెళ్ళిపోయాయి. కొత్త పద్ధతి వచ్చింది. ఆపరేషన్లలో మిగిలిన చర్మాన్ని మనుషులు ఇష్టపడి ఇస్తే, అందులోని కణాలను పెంచి చొక్కా గుండీ అంత చర్మపు బిళ్ళలు తయారుచేస్తారు. ఒక్కో బిళ్ళ ఒక్కో చిన్న కప్పు అడుగున పరుచుకుని ఉంటుంది. మంగళవారం మంగళవారం పార్సిల్లో వస్తాయి. బతికున్న చర్మమే, కాని దాని వెనక మనిషి లేడు, నరం లేదు, నెత్తురు లేదు. కప్పులో మందు చుక్క వేస్తారు. అనుకున్న సమయం కాగానే ఉప్పునీళ్ళతో కడిగేస్తారు. తర్వాత పసుపుపచ్చ రంగు మందులో ఉంచుతారు. బతికున్న బిళ్ళ ఆ పసుపును ఊదాగా మార్చుకుంటుంది. చచ్చిపోయిన బిళ్ళ పాలిపోయి అలాగే ఉండిపోతుంది. ఎంత ఊదా ఎక్కిందో యంత్రం అంకెల్లో చెబుతుంది. ఇక ఎవరూ ఎవరినీ పట్టుకోనక్కర్లేదు.

ఈ సంగతి మొదటిసారి విన్న రోజు బాబాయి బస్సెక్కడం మరిచిపోయి, ఆ దూరమంతా నడిచి ఇంటికొచ్చాడు.

ఈ కొత్త పరీక్షలు చేసే బల్లకు పెద్ద ఒక మేడం. వయసులో ఆయనకు కూతురు లాంటిది. పిలిచి కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. స్టోర్సులో ఒక ఖాళీ ఉంది, జీతంలో తేడా ఉండదు, హాయిగా కూర్చుని చేసుకునే పని. లేదూ, కడగడం నేర్చుకుంటానంటే నేర్పిస్తాం, కాని పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్షలో పేర్లు దాచిన కొన్ని ద్రవాలు ఇస్తారు. ఒక్కో ద్రవాన్ని మూడేసి కప్పుల్లో వేసి కడగాలి. మూడింటిలోనూ ఒకే చర్మం, ఒకే మందు, కాబట్టి మూడు అంకెలూ దగ్గర దగ్గరగా రావాలి. చెదిరిపోతే ఆ పరీక్ష చెల్లదు. అవకాశాలు మూడు. మూడోది కూడా పోతే స్టోర్సే.

స్టోర్ కీపరు బాబాయికి బస్తాల రోజుల నుంచీ స్నేహితుడు. టీ తాగేటప్పుడు ఆటపట్టించడం ఆయన హక్కు. "మేకులూ డబ్బాలూ లెక్కపెట్టుకుంటూ కూర్చుందాం రారా, అవి గింజుకోవు" అనేవాడు. బాబాయి నవ్వేవాడు కాని టీ మాత్రం గ్లాసులో సగం మిగిలిపోయేది. ఇంట్లో పిన్ని కూడా, జీతం తగ్గనప్పుడు స్టోర్సయితే ఏం పోయింది అని అడిగింది. అప్పుడాయన చెప్పిన మాట నాకు ఉన్నదున్నట్టు గుర్తుంది. నేను కాలేజీ చదువు కోసం వాళ్ళింట్లో ఉంటున్న రోజులవి.

"ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న ప్రాణమున్నదాన్ని పట్టుకుని అడిగాను. పట్టుకోకుండా అడిగే రోజొచ్చేసరికి నన్ను పక్క గదిలో కూర్చోమంటే ఎలాగే?"

పిన్ని మరి స్టోర్సు మాట ఎత్తలేదు.

కడగడం అంటే మాటలు కాదు. వాష్ బాటిల్‌ని బొటనవేలితో నొక్కితే ధార కప్పు గోడకు తగిలి జారాలి. సూటిగా బిళ్ళ మీద పడితే చర్మం లేచిపోతుంది. మరీ మెల్లగా పోస్తే మందు అంచుల్లో నక్కి కొరుకుతూనే ఉంటుంది. నింపాలి, వంచాలి, మళ్ళీ నింపాలి, మళ్ళీ వంచాలి. నేర్చుకునేటప్పుడు మేడం పక్కనే నిలబడి చూసి, ఇంత మెత్తటి చెయ్యి నేనెక్కడా చూడలేదు అంది. ఆ రోజు బాబాయి ఇంటికి మామిడిపండ్లు తెచ్చాడు.

ధారతో పాటు సమయం ముఖ్యం. మందుకు కాల్చే గుణం ఉందా లేదా చూసేటప్పుడు అది కప్పులో ఉండేది మూడు నిమిషాలే. మూడు కప్పుల్లోనూ ఒకేసారి చుక్క వేయడం కుదరదు కనక, కొంచెం వ్యవధి ఇచ్చి ఒకదాని తర్వాత ఒకటి వేస్తారు. కడిగేటప్పుడూ అదే వ్యవధి పాటిస్తే మూడింటికీ న్యాయం జరిగినట్టు. టైమర్ కూత వేసినప్పుడల్లా చెయ్యి ఒక కొత్త కప్పు మీద ఉండాలి.

మొదటి పరీక్ష మేడం పక్కన లేకుండా ఒంటరిగా చేశాడు, అంకెలు చెదిరిపోయాయి. ఒక మందుకని కాదు, చాలావాటికి. ఒకే తల్లి పిల్లలు ముగ్గురూ మూడు ఊళ్ళ భాష మాట్లాడుతున్నార్రా అన్నాడు స్టోర్ కీపరు. ఆ వారం పార్సిల్లో చర్మమే సరిగ్గా లేదేమోనని మేడం సర్దిచెప్పింది. బాబాయి సర్దుకోలేదు. ఎప్పుడు చూసినా మొదటి కప్పులో చర్మం బాగా బతికి ఉంటోంది, మూడో కప్పులోది బాగా దెబ్బతింటోంది. అంటే మూడో దాని దగ్గరికి ఆయన ఆలస్యంగా చేరుతున్నాడు. వయసైపోయింది, చెయ్యి నెమ్మదించింది అని తనే తీర్పు చెప్పేసుకుని, రెండో పరీక్షలో తొందరపడ్డాడు. బాటిల్ గట్టిగా నొక్కాడు. ధార తప్పి ఒక బిళ్ళ అంచు చిరిగింది. ఈసారి అంకెలు ముందుకన్నా అన్యాయం.

మేడం చాలా మెత్తగా, చేతులేమైనా వణుకుతున్నాయా అని అడిగింది. ఆయన రెండు చేతులూ చాపి చూపించాడు. వణకలేదు. కాని ఆ ప్రశ్న మనిషిని పట్టుకుంది. తినేటప్పుడూ చేతుల్నే చూసుకునేవాడు, చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడూ చూసుకునేవాడు. అలా చూడకపోతే అవి ఎక్కడికైనా పారిపోతాయా అని పిన్ని విసుక్కుంది.

మూడో పరీక్ష ముందు ఆదివారం పొద్దున బాబాయి వంటింటి బల్ల మీద నీళ్ళ సీసాల మూతలు మూడు బోర్లించకుండా వరసగా పెట్టాడు. ఒక్కో మూతలో గిన్నెలు తోమే ద్రవం ఒక్కో చుక్క. చేతిలో ఖాళీ అయిపోయిన సాస్ సీసా, దాన్నిండా నీళ్ళు. వ్యవధి ప్రకారం ఫోన్ చూసి "ఊఁ" అనడం నా పని. పిన్ని పక్క గదిలో మిషన్ మీద ఒక హోటలు వాళ్ళ కర్టెన్లకు అంచులు కుడుతోంది. దారం అయిపోయి, కొత్త కండె వెతుక్కుంటూ వంటింట్లోకి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

మేడం ముందు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసే మనిషి, పెళ్ళాం ముందు తన మామూలు పద్ధతిలో చేసుకుపోతున్నాడు. మొదటి మూత కడిగాడు, పట్టకారుతో ఎత్తాడు, దించాడు. నేను "ఊఁ" అన్నాను. రెండోది కడిగాడు.

"అక్కడ ఆగారెందుకు?" అంది పిన్ని.

"ఎక్కడ ఆగాను?"

"ఇప్పుడే. కడిగారు, ఎత్తారు, కిటికీ వైపు తిప్పి చూశారు. ఇందాక మొదటిదానికీ అంతే. వజ్రాలు బేరం చేస్తున్నట్టు."

తనేం చూడలేదన్నాడు బాబాయి. పిన్ని నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే, చూశారా లేదా?"

నేను ఫోను వంక చూస్తూ, చూశారు పిన్నీ అన్నాను. అది ఎంతసేపో కాదు, రెప్పపాటు కన్నా కొంచెం ఎక్కువ. కాని మొదటి కప్పు దగ్గర అంత, రెండో దాని దగ్గర మళ్ళీ అంత. ఆ రెండూ కలిసి మూడోదాని నెత్తిన పడుతున్నాయి.

"కిటికీ దగ్గర ఏం కనిపిస్తుందని?" పిన్ని వదల్లేదు.

బాబాయి పట్టకారులోని మూతను బల్ల మీదికి దించాడు. తర్వాత, "ఎరుపెక్కిందేమోనని" అన్నాడు.

"మూతకా?"

"మూతకు కాదే. చర్మానికి."

"మీ చర్మానికి నెత్తురుందా?"

"లేదు."

"మరి ఎరుపు ఎక్కడి నుంచి వస్తుందండీ?"

బాబాయి చేతిలోని సాస్ సీసా బల్ల మీద పెట్టేశాడు. ముందు నవ్వింది ఆయనే. కడుపు పట్టుకుని నవ్వుతూ స్టూలు మీద కూలబడ్డాడు. పిన్ని కూడా నవ్వింది, నేనూ నవ్వాను. కాని నవ్వు ఆగాక ఆయన మొహం మరోలా అయింది. కడిగాక చూడటం ఆయనకు శ్వాస తీసుకోవడం లాంటిదైపోయింది. ఇన్నేళ్ళూ ఆ చూపుకే అందరూ విలువిచ్చారు, ఇప్పుడు అదే అడ్డం పడుతోంది. చేస్తున్నట్టు తనకే తెలియని పనిని ఎలా మానుకోవాలి అన్నాడు.

పిన్ని ఓదార్చలేదు. ఓదార్చడం ఆవిడకు చేతకాదు. "ఇలా రండి" అని మిషన్ దగ్గరికి తీసుకెళ్ళి, కర్టెన్ అంచు సూది కింద పెట్టి, తొక్కమంది. బాబాయి తొక్కాడు. కుట్టు పాములా మెలికలు తిరిగింది.

"సూదినే చూస్తున్నారు. నేనెప్పుడూ సూది వంక చూడను. దాని పని అది చేసుకుంటుంది. రాబోయే అంచును చూస్తాను."

ఇంకోసారి తొక్కమంది. ఈసారి కళ్ళు సూదికి బెత్తెడు ముందుకి పెట్టాడు. కుట్టు తిన్నగా వచ్చిందని అబద్ధం చెప్పలేను కాని, పాము వానపామైంది. ఆ కుట్లన్నీ పిన్ని గొణుక్కుంటూ విప్పుకుంది. బాబాయి వంటింట్లోకి వచ్చి మూతలు మళ్ళీ వరసలో పెట్టాడు. ఒక మూత కడుగుతుండగానే కళ్ళు పక్క మూత అంచు మీదికి పంపాలి. చెయ్యి పూర్తి చేసేసరికి చూపు అప్పటికే అక్కడ ఎదురుచూస్తూ ఉండాలి. మధ్యాహ్నం దాకా "ఊఁ" అంటూనే ఉన్నాను. నా గొంతు బొంగురుపోయింది.

సోమవారం ఆయన మేడం దగ్గరికెళ్ళి ఉన్న సంగతి చెప్పాడు. ఆవిడ నమ్మలేకపోయింది. నేర్పించేటప్పుడు పక్కనే నిలబడి చూశాను కదా, ఒక్కసారి కూడా ఆగలేదే అంది.

"మీరు నిలబడితే భయం మేడం. భయంలో ఇంకేదీ గుర్తు రాదు."

ఆవిడ నవ్వి, అయితే మూడో పరీక్షలో నేను పక్కనే నిలబడతాను అంటుందనుకున్నాడట బాబాయి. ఆ ఆశ కూడా కొంచెం పెట్టుకున్నాడు. ఆవిడ మాత్రం వేరే చెప్పింది.

"అలాగైతే ఈసారి కూడా నేను లోపలికి రాను. నేనుంటే మీకొస్తుందని నాకు తెలుసు. ముందు ముందు రోజూ చేయాల్సింది నేను లేనప్పుడే కదా."

మంగళవారం పార్సిలు వచ్చింది. బుధవారం పరీక్ష. ఇది ఆయన చెప్పగా విన్నదే. మేడం కప్పుల వరసలన్నీ సరిచూసి, తలుపు మూసి, అద్దంలోంచి కూడా చూడకుండా వెళ్ళిపోయింది. గదిలో గాలి లాగే ఫ్యాను హోరు, టైమరు, ఆయన. మొదటి ద్రవాలు సాఫీగా సాగాయి. నీళ్ళలా ఉన్నది ఒకటి, నూనెలా జారేది ఒకటి. ఆ తర్వాతది చిక్కగా ఉంది. మూత తీయగానే ముక్కుకి తెలిసిపోయింది. పేరు తెలియదు కాని ఆ వాసన ఆయనకు పాత పరిచయం. ఎప్పుడో ఒక తెల్లకుందేలు వీపు మీద దాని ముద్ర చూశాడు. ఆ ఎరుపు ఎన్నాళ్ళకూ తగ్గలేదు.

చుక్కలు వేశాడు. టైమర్ కూసింది. మొదటి కప్పు నింపాడు, వంచాడు, నింపాడు, వంచాడు. అప్పుడు మెడ దానంతటది దీపం వైపు తిరగబోవడం ఆయనకు తెలిసింది. చూడాలి, ఎంత కాల్చిందో చూడాలి, ఒక్కసారి. ఇన్ని పరీక్షల్లో ఆ లాగడాన్ని ఆయన గుర్తుపట్టడం అదే మొదలు. కళ్ళు తీసుకెళ్ళి రెండో కప్పు అంచు మీద నిలిపాడు. ఆ అంచు గుండ్రంగా, పారదర్శకంగా, ఒక చోట చిన్న గీతతో ఉంది. ఆ గీతనే చూశాడు. మొదటి కప్పు ఏమైందో చేతికి వదిలేశాడు. టైమర్ మళ్ళీ కూసేసరికి పట్టకారు అప్పటికే రెండోదాన్ని అందుకుంటోంది. మూడోది కూడా అలాగే. మిగిలిన ద్రవాలు కూడా అదే పద్ధతిలో కడిగి ముగించాడట.

మర్నాడు యంత్రం అంకెలు తీసింది. మేడం తెరను తన వైపు తిప్పుకుని చదువుతూ పోయింది. మొదటిది, మూడూ దగ్గర దగ్గరగా. రెండోదీ అంతే. బాబాయి కూర్చోలేదు, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. ఆ చిక్కటి ద్రవం దగ్గరికొచ్చేసరికి ఆవిడ ఆగింది. 

"పోయిందా మేడం?"

"మూడూ పోయాయి. మూడూ ఒకేలా పోయాయి." ఆవిడ తల ఎత్తి చూసింది. "చచ్చేవాటికి కూడా సమానంగా టైమిచ్చారు. అది కాల్చే మందే. మన దగ్గరున్న వాటిల్లోకెల్లా చెడ్డది."

మిగతావి చదవడం అయ్యాక, వచ్చే పార్సిలు నుంచి బల్ల మీదే అంది. అదొక్కటే. బాబాయి థాంక్స్ మేడం అని చెప్పి, వరండాలోకొచ్చి, ముందు స్టోర్సు తలుపులోకి తొంగి చూసి, ఇక్కడికి రావడం లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. లోపలి నుంచి ఒక తిట్టు, దాని వెనకే పెద్ద నవ్వు వినిపించాయి. అక్కణ్ణుంచి ఇంటికి ఫోన్ చేశాడు.

పిన్ని చాలాసేపటికి ఎత్తింది. మిషన్ ఆపకుండానే ఎత్తింది.

"అయిందే" అన్నాడు.

"ఏమైంది, మంచా చెడా?"

"మంచే. మంగళవారం నుంచి బల్ల మీదే."

ఒక క్షణం మిషన్ ఆగింది. మళ్ళీ మొదలైంది.

"మంచిది. ఉండండి, అంచు మీదున్నాను" అంది పిన్ని.

ఫోన్ పక్కన పెట్టేసింది, ఆపేయలేదు. ఆవిడ అంతే. అవతల నుంచి మిషన్ చప్పుడు ఒకే జోరుగా వస్తోంది, ఎక్కడా తడబాటు లేదు. బాబాయి వరండా గోడకు ఆనుకుని, ఆ అంచు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అయ్యేవరకూ వింటూ నిలబడ్డాడు.